కొసమడి మాట

"ఇదేనా? ఊరూరా చెప్పుకునే నడుంవంపు కట్ట ఇదేనా?" అంటూ గుర్రాల వర్తకుడు పగలబడి నవ్వాడు. "దీన్ని చూడటానికా నేను అడవులూ కొండలూ దాటి వచ్చింది! మా ఊళ్లో ఏనుగుల సాలకు కట్టిన ప్రహరీ ఇంతకు రెండింతలు ఎత్తు!"

పాపం, అతని వెనక ఎవరు నిలబడి ఉన్నారో అతనికి తెలియదు. ఉన్నది కట్టదొరసాని చెంగల్వ. గవ్వలేటి మీది ఆ ఆనకట్టను తరతరాలుగా కాస్తున్న వంశంలో పుట్టిన పిల్ల. తలకు ఎర్రపాగా, నడుమున పిడిబాకు, భుజాన గడ్డపార. ఆమెను తిడితే ఊరుకుంటుందేమో గానీ ఆమె కట్టను చులకన చేస్తే ఊరుకోదని ఆ ఏటి ఒడ్డున పసిపిల్లలకు కూడా తెలుసు.

"సెట్టీ, నీ గుర్రాలకు నీళ్లు పెట్టినావా?" అని అడిగింది చెంగల్వ.

వర్తకుడు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. "పెట్టాను."

"తాగినాయా?"

"కడుపునిండా తాగాయి."

"వాటికున్న తెలివి నీకు లేకపాయె. అవి కట్ట ఎత్తు చూడలా, నీళ్లు చూసినాయి."

పక్కనే నగారా కాపలా కాస్తున్న ఆమె మేనమామ పెద్దోబులు కిసుక్కున నవ్వాడు. వర్తకుడి ముఖం జేవురించింది. అయినా కోపం దిగమింగి, మీసం సవరించుకుని కట్టవైపు మళ్లీ చూశాడు. ఈసారి కాస్త తీరిగ్గా చూశాడు.

చూసేవారికి నిజంగా అది చిన్న కట్టే. రెండు నిలువుల ఎత్తు మించదు. పడమటి కొండల్లో పుట్టి, పులులు తిరిగే లోయల్లో పాక్కుంటూ, జలపాతాలై దూకి, నురగలు కక్కుకుంటూ వచ్చే గవ్వలేరు ఆ చోట రెండు నల్లకొండల నడుమ ఇరుక్కుంటుంది. ఈ కొండ పాదం నుంచి ఆ కొండ పాదం దాకా నల్లరాళ్ల వరస. బెల్లం నీళ్లూ కరక్కాయ రసమూ పోసి నూరిన సున్నంతో రాయికి రాయి అతికి, మధ్యన చీమ దూరే సందు లేకుండా ఉంటుంది. ఎగువ వైపు నిటారుగా ఉన్నా దిగువ వైపు మాత్రం నున్నగా వాలి, వరినాట్లు వేసే ఆడదాని వెన్నులాగా వంగి ఉంటుంది. కట్ట రెండు కొసలా తూములు. కుడి తూము కాలువకు, ఎడమ తూము ఏటికి.

దాన్ని కట్టించిన మొదటి దొరసాని ముమ్మిడమ్మ స్వయంగా నాట్లు వేసిన మనిషి. "వానొస్తే నాటేసే ఆడది లేచి వానతో కొట్లాడదు. ఇంకాస్త వంగుతాది. వాన వీపు మీద పోతాది, నాటు ఆగదు" అని చెప్పి, కట్టను అలా వంచి కట్టించిందట. వరద వస్తే కట్ట మునుగుతుంది. వరద పోయాక తేలుతుంది. చుట్టుపక్కల మహారాజులు ఆకాశానికి నిచ్చెనలు వేసినట్టు కట్టిన కట్టలు ఎన్ని కొట్టుకుపోయాయో లెక్కలేదు. ఇది మాత్రం నడుం వంచుకుని తన పని తాను చేసుకుపోతోంది.

"మధ్యలో రాయి లేదేం? అక్కడ వట్టి మట్టి కనిపిస్తోంది. రాళ్లు చాలలేదా?" అన్నాడు వర్తకుడు.

"దాన్ని మట్టిగండి అంటాం. ప్రళయం వస్తే అది తెగాల, రాయి నిలవాల. తెగేచోటు మనమే పెట్టుకుంటే ఏరు ఇంకోచోట తెగ్గొట్టదు. ఏటా ఏడు పల్లెలోళ్లం తట్టలు మోసి కొత్తమట్టి పోస్తాం. నేనూ మోస్తా." చెంగల్వ ఆ మాట ఎంత గర్వంగా అన్నదంటే, కిరీటం గురించి చెబుతున్నదేమో అనిపించింది.

అంతలో కాలువగట్టు మీద కొమ్ము ఊదిన చప్పుడైంది. పెద్దోబులు లేచి నిలబడ్డాడు.

"కొసమడి వస్తాండాది!"

ఆ కేక వినగానే కట్టమీది కావలివాళ్లు ఈటెలు నేలకు దించారు. పాగాలు తీసి చంకన పెట్టుకున్నారు. మహారాజు వచ్చినా వంగని మెడలు అవి. వర్తకుడు నోరు తెరుచుకుని చూశాడు. వచ్చింది ఏనుగూ కాదు, పల్లకీ కాదు. మోకాళ్ల దాకా చీర ఎగ్గట్టిన ఒక ముసలామె, గుప్పిట్లో తడిమట్టి పట్టుకుని కాలువగట్టు వెంట నడిచి వస్తోంది. ఆమె కొసపల్లె ఈరమ్మ. కాలువ కింద అన్నిటికన్నా చివరి మడి ఆమెది.

"ఎవరీమె? రాజమాతా?" అని గుసగుసలాడాడు వర్తకుడు.

"అంతకంటే పెద్దది. మా దగ్గర నీళ్లు మొదట పారేది చివరి పల్లెకు. అక్కడినుంచి వెనక్కి ఒక్కో వంతూ పైకొస్తాది. తలమడి దాహమేసి కేకేస్తే మాకు ఇనబడతాది. కొసమడి కేకేస్తే ఎవురికి ఇనబడతాది? అందుకే దాని మాట ముందు. చివరి మడి మనిషి గుప్పెడు తడిమట్టి తెచ్చి, ‘నా మడి తడిసింది’ అంటే తప్ప ఈ తూములు మూయం. రాజు చెప్పినా మూయం. ఆ మాట అన్నాక మూయకుండానూ ఉండం. కొసమడి మాటకు ఎదురుప్రశ్న లేదు."

ఈరమ్మ వచ్చి గుప్పిట్లోని మట్టిని కట్ట రాతికి మెత్తింది. "నా మడి తడిసింది" అంది.

"ఈ తూరి బలే బిన్నే తడిసిందే, ఇంత తొందరగానా!" అని గొణిగాడు పెద్దోబులు. చెంగల్వ అతనివైపు కళ్లురిమి చూసింది. కొసమడి మాట మీద సందేహపడటం ఆ గడ్డ మీద తల్లిని తిట్టటంతో సమానం. పైగా నవ్విన పరాయివాడు పక్కనే ఉన్నాడు. వాడి ముందు ఆచారం ఎంత ఠీవిగా నడుస్తుందో చూపించాలన్న ఉబలాటం ఆమెకు కలిగింది. ఆ ఉబలాటమే కొంప ముంచింది.

"తూములు మూయండి!"

కావలివాళ్లు మోకులు పట్టి లాగారు. బండరాతి బిరడాలు తూముల్లోకి దిగబడ్డాయి. వాటి కింద నీటి మోత తగ్గి, సన్నగిల్లి, ఆగింది. తరువాతి పల్లె వంతుకు నీరు నిండేదాకా ఇక కాసేపు గవ్వలేరు కదలదు. కొండల నడుమ నీరంతా అద్దంలా నిలిచిపోయింది. మబ్బులు అందులో కదలకుండా పడుకున్నాయి.

వర్తకుడి ముఖంలో రంగులు మారాయి. "నీరు నిలిచిందా? పూర్తిగా నిలిచిందా?" అని అడిగాడు. అతని చేయి గబుక్కున అంగీ లోపలికి పోయింది.

చెంగల్వకు సమాధానం చెప్పే తీరిక లేదు. మాట చెప్పిన కొసమడి మనిషికి కట్టదొరసాని తన చేత్తో అంబలి పోయాలి. ముంతెడు పోసింది. ఈరమ్మ గటగటా తాగి ముంత చాపింది. ఇంకో ముంత పోసింది. అదీ అయిపోయింది. కుండ అందిస్తే కుండ ఎత్తి తాగేసింది. కావలివాళ్ల మంచినీళ్ల కడవ ఖాళీ అయింది. మజ్జిగ దుత్త ఖాళీ అయింది. అప్పటికీ ఆమె పెదాలు తడారిపోయి నాలుకతో తడుముకుంటూనే ఉంది.

"ఎండన పడి వచ్చింది పాపం" అన్నాడు పెద్దోబులు. ఆ మాట అంటుండగానే ముసలామె లేచి, గుర్రాల తొట్టి దగ్గరికి పోయి, దాన్ని రెండు చేతులా ఎత్తి గుక్క తిప్పుకోకుండా తాగేసింది. నలుగురు మగవాళ్లు కదిలించలేని రాతితొట్టి అది. గుర్రాలు సకిలించి కట్లు తెంపుకున్నాయి.

చెంగల్వ పిడిబాకు మీద చేయి వేసింది.

"కట్టదొరసానీ, తూములు తెరిపించు!" అని అరిచాడు వర్తకుడు. గడ్డం ఊడదీసి విసిరేశాడు. అంగీ కిందనుంచి రత్నాల పిడి ఉన్న ఖడ్గం తళుక్కుమంది. "నేను వర్తకుణ్ణి కాను. కనకశైల యువరాజు రణకేసరిని! మా సహస్రకమల తటాకాన్ని రాత్రికి రాత్రి మింగేసిన మాంత్రికుడి కోసం మారువేషంలో తిరుగుతున్నాను. వాడు ఘటోదరుడు. వాడిదిదే దాహం!"

ముసలామె పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ పొడుగు పెరిగింది. చీర కాస్తా నల్లని వ్యాఘ్రచర్మమైంది. తెల్లని జుట్టు రాగిరంగు జడలై మోకాళ్ల దాకా వేలాడింది. పొట్ట పెద్ద బానలాగా ముందుకు పొడుచుకొచ్చింది. చేతిలో, పుర్రెల బొమ్మలు చెక్కిన మూతతో ఒక రాగి కమండలం. మూతే ఏరు దాటే పుట్టి అంత ఉంది, కమండలం ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు.

"ఎంతకాలం ఈ కొండచాటున కాచుకున్నానే పిల్లా! ఎప్పుడు చూసినా పారుతూనే ఉంటుంది నీ ముష్టి ఏరు. నిలిచిన చెరువుల్ని తాగటానికి నాకొక పూట చాలు. దీనికోసం మాత్రం ముసలిదాని వేషం కట్టి, మట్టి పిసికి, నీ చల్లారిన అంబలి తాగాల్సి వచ్చింది!"

"మోకులు లాగండి!" అని కేక పెట్టింది చెంగల్వ. కావలివాళ్లు తూముల వైపు ఉరికారు. ఘటోదరుడు వేళ్లు విరిచాడు. అంతే, బిరడాలకు కట్టిన మోకులు బుసలు కొడుతూ కొండచిలువలై లేచాయి. ముందు పోయినవాణ్ణి ఒకటి నడుం దగ్గర చుట్టేసింది. చెంగల్వ పిడిబాకు దాని మెడ తెగ్గోసేసరికి వాణ్ణి వదిలింది గానీ, తెగిన మెడ దగ్గర మరో రెండు తలలు మొలిచాయి. రణకేసరి ఎగిరి దూకి మాంత్రికుడి పొట్టలో కత్తి పొడిచాడు. రక్తానికి బదులు నీళ్లు చిమ్మాయి. గాయం అప్పటికప్పుడు పూడిపోయింది.

ఘటోదరుడు కమండలం మూత తీశాడు.

అప్పుడు జరిగినదాన్ని చూసినవాళ్లు మనవళ్లకు చెబితే మనవళ్లు నమ్మలేదు. నిలిచిన నీరంతా నడిమధ్యన స్తంభంలా పైకి లేచింది. ఆ స్తంభంలో చేపలు వెండి రేకుల్లా గిరగిర తిరిగాయి. తామరతీగలు, తాబేళ్లు, ఏటి అడుగున మునిగిన పాత పుట్టి చెక్కలు అన్నీ సుడి తిరుగుతూ పైకెగసి, వంగి, కమండలం నోట్లోకి దిగిపోయాయి. చూస్తుండగానే కొండల పాదాల మీద తడి చార ఒక మూరెడు కిందికి దిగింది.

"దీనికి విరుగుడు లేదా?" అని అరిచింది చెంగల్వ.

"ఒక్కటే ఉంది!" రణకేసరి ఒక కొండచిలువను తన్ని తోసేస్తూ అన్నాడు. "ఎవరికోసమో బయలుదేరిన నీటిని ఆ కమండలం పట్టలేదట. నిలిచిన నీటినే పడుతుందట. మా గురువు చెప్పాడు. నీరు కదలాలి. ఎట్లాగైనా కదలాలి!"

తూములు పాముల చేతుల్లో ఉన్నాయి. నీరు కట్ట అంచుకు రెండు మూరల కిందికి దిగింది, ఇక పొర్లే ఆశ లేదు. చెంగల్వ చూపు నేరుగా మట్టిగండి మీదికి పోయింది. తను మోసిన మట్టి, తను తొక్కిన మట్టి. ఆమె గడ్డపార సర్దిపట్టుకుని గండి వైపు పరుగెత్తింది. రణకేసరి ఆమె వెంట ఉరికాడు.

గండి దగ్గరికి చేరాక ఆమె గడ్డపార ఎత్తి, దించకుండా ఆగిపోయింది.

"మామా, నగారా కొట్టు! గండి తెగుతాదని దిగువకు చెప్పు!"

పెద్దోబులు నగారా మోగించాడు. ఒక్కో పల్లె నగారా అందుకుని కింది పల్లెకు చెప్పాలి. చివరి పల్లెదాకా పోయి, ఏట్లో ఉన్న మనుషులూ పశువులూ గట్టెక్కాక, అక్కడి జవాబు తిరిగి రావాలి. అది వచ్చేదాకా గండి మీద దెబ్బ పడకూడదు.

"ఏమిటిది? తవ్వవేం?" రణకేసరి గొంతు చించుకున్నాడు. "సగం నీరు పోయింది! నీ ఏడు పల్లెలూ ఎండి చస్తాయి!"

"ఏటి ఇసుకలో దోసతోటలుండాయి. ఆడోళ్లు బట్టలు ఉతుకుతుంటారు. గొడ్లుంటాయి. నీళ్ల కోసం మనుషుల్ని ముంచితే ఆ నీళ్లు ఇంకెవురికి పారిస్తా?"

"ఇంకాసేపటికి పారించడానికే ఉండవు!"

"ఉండకపోతే పోనీ. చెప్పకుండా గండి కొట్టిన దొరసాని ఈ వంశంలో లేదు, నాతో మొదలుకాదు."

ఆ మాట ఘటోదరుడి చెవిన పడనే పడింది. గండి అంటే ఏమిటో వాడికి తెలియదు గానీ ఈ పిల్ల ఏదో ఎత్తు వేస్తున్నదని మాత్రం తెలిసింది. నీటి స్తంభంలోనుంచి ఒక పాయ చేయిలా చాచి ఆమెను చుట్టేశాడు. చెంగల్వ కాళ్లు నేలను వదిలాయి. గడ్డపార గండి పక్క రాతి అంచుకు అడ్డంగా తగులుకుంది. దాన్ని పట్టుకుని వేలాడింది. చేతులు ఊడివస్తున్నాయా అన్నంత లాగుడు. నోట్లో, ముక్కులో నీళ్లు. ఆమె కళ్ల ముందు కమండలం నోరు, అందులో గిర్రున తిరిగే చీకటి.

రణకేసరి పాగా విప్పి ఒక కొస ఆమె నడుముకు విసిరి, రెండో కొస రాతికి చుట్టి, తన బరువంతా దానిమీద వేశాడు. కనకశైల యువరాజు జీవితంలో మొదటిసారి బురదలో వెల్లకిలా పడి మడమలు తన్నిపెట్టాడు.

"ఓయ్ బానపొట్టాయనా!" నీళ్లు ఉమ్ముతూ అరిచింది చెంగల్వ. "ఇన్ని చెరువులు తాగినావు, దాహం తీరిందా?"

"తీరదు!" అని గర్జించాడు మాంత్రికుడు.

"ఎట్లా తీరుతాది? ఒకరికి గుక్కెడు పోసినోడికే తాగిన నీళ్లు ఒంటపడతాయి. మా అవ్వ చెప్తుండె!"

వాడికి కోపం నషాళానికి అంటింది. ఆమెను వదిలేసి కొండమీది బండ ఒకటి పెకలించి విసరబోయాడు. సరిగ్గా అప్పుడే, దూరంగా, చెవి దగ్గర దోమ పాడినంత సన్నగా, కొసపల్లె నగారా వినిపించింది. ఆ వెంటనే దాని పైపల్లె, ఆ పైపల్లె. చప్పుడు పెరుగుతూ పెరుగుతూ ఏటిమీదుగా పరుగెత్తుకొచ్చింది.

"ఎక్కినారు! అందరూ గట్టెక్కినారు!" పెద్దోబులు గంతేశాడు.

చెంగల్వ గడ్డపార ఎత్తి, ముమ్మిడమ్మ పేరు తలచుకుని, గండిలో దిగేసింది. రణకేసరి ఖడ్గాన్ని పారగా మార్చాడు. రత్నాల పిడి బురద కొట్టుకుపోయినా లెక్కచేయలేదు. ఒక పెళ్ల ఊడింది. ఒక ధార చిమ్మింది. ధార పిల్లకాలువైంది. మరుక్షణం మట్టిగండి బుడబుడమంటూ కరిగి, గవ్వలేరు దిగువకు దూకింది. నీరు బయలుదేరింది. వట్టినే కాదు, కొసపల్లె కోసం.

స్తంభం గజగజ వణికింది. కమండలం పట్టుతప్పి ముందుకు వంగింది. ప్రవాహం దాన్ని నోరుపట్టి లాగినట్టు లాగింది. "వద్దు! వద్దు!" అంటూ ఘటోదరుడు రెండు చేతులా దాన్ని వాటేసుకున్నాడు. రాగి పగిలిన చప్పుడు కొండల్లో ప్రతిధ్వనించింది. అంతవరకూ మింగిన నీరంతా, ఒక రాజ్యానిది కాదు, రెండు రాజ్యాలది కాదు, ఎన్నెన్ని చెరువులవో, ఒక్కసారిగా బయటికి ఉబికింది.

"పరుగెత్తండి!"

అందరూ కొండ ఎక్కారు. కిందికి చూస్తే ఏరు లేదు, సముద్రం ఉంది. వేయిరేకుల తామరలు తెప్పలుగా వచ్చాయి. కనకశైలం రాజహంస పడవ, బంగారు మెడతో సహా, తలకిందులై వచ్చింది. నీటిగోడ కట్టను కొట్టింది. కట్ట కనిపించకుండా పోయింది.

రణకేసరి తలపట్టుకున్నాడు. "పోయింది. మా తాతగారి మహాకట్టే ఇంత వరద ముందు నిలిచేది కాదు. నీ చిన్న కట్ట..."

"నోర్మూసుకుని చూడు సెట్టీ" అంది చెంగల్వ. గడ్డపారను మాత్రం రెండు చేతులా బిగించి పట్టుకుంది.

వరద కట్టతో కొట్లాడలేదు. కొట్లాడటానికి కట్ట లేచి నిలబడితే గదా! నల్లరాతి వెన్ను మీదుగా నీరు జారింది. మట్టిగండి దారి ఇచ్చింది. చాలాసేపు జారి జారి, ఏరు మెల్లగా మెత్తబడింది. ముందు కుడికొండ పాదాన ఒక రాయి తల కనిపించింది. తరువాత దాని పక్క రాయి. ఆ తరువాత వరసంతా, నురగలు కారుస్తూ, నడుం వంచుకుని, ఉన్నది ఉన్నట్టుగా తేలింది. మోకులు మళ్లీ మోకులయ్యాయి. కావలివాళ్లు దిగిపోయి తూములు బార్లా తెరిచారు.

కొండమీద ఉన్నవాళ్లు ఒక్క అరుపు అరిచారు. చెంగల్వ తడిసిన కళ్లు తుడుచుకోలేదు, తుడుచుకునే అవసరం ఆమెకు కనిపించలేదు. "చూసినావా? నా కట్ట అది! చూసినావా?" అంది, రణకేసరి భుజం పట్టి కుదిపేస్తూ.

యువరాజు ఆమె ముందు కాదు, కట్టవైపు తిరిగి చేతులు జోడించాడు. "మా తాత కట్టించిన కట్ట ఎన్ని బారల ఎత్తో నాకు చిన్నప్పుడే నేర్పారు. దానికింద చివరి మడి ఎవరిదో మాత్రం నేను ఈనాటికీ అడగలేదు" అన్నాడు.

నీటి తుంపరల్లోనుంచి ఒక నల్లకొంగ రెక్కలు తపతపలాడిస్తూ లేచి, పడమటి కొండలవైపు ఎగిరిపోయింది. దాని పొట్ట బానలాగా ఉంది. "ముసలిది నా దగ్గరే ఉందే పిల్లా! నీ తూము మూయమనే నోరు నా గుహలో ఉంది!" అని ఆకాశంలోనుంచి కూసింది.

చెంగల్వ కాలువగట్టు వైపు గిర్రున తిరిగింది. అంత పోరులో ఆ ఒక్క మాట ఆమెకు తట్టనేలేదు. వచ్చింది దొంగ ఈరమ్మ అయితే అసలు ఈరమ్మ ఎక్కడ?

కాలువగట్టు వెంట ఒక మనిషి రొప్పుకుంటూ వచ్చాడు. ఈరమ్మ కొడుకు గంగులు. అతని చేతిలో ఒక మట్టిపెళ్ల ఉంది. ఎండి, నెర్రెలిచ్చి, వేలు పెడితే పొడి రాలుతోంది.

"దొరసానీ, మాయమ్మ పొద్దున మడికాడికి పోయింది, మళ్లా రాలా. నీళ్లింకా మా మడి దాకా రాకముందే కాలువ ఆగిపాయె. ఎందుకాపినారమ్మీ?"

చెంగల్వ ఆ పెళ్లను వేలితో తడిమింది. ఏడు తరాల్లో మొదటిసారి, చివరి మడి ఎండి ఉండగా తూము మూతబడింది. మూసింది తనే. ఎదురుప్రశ్న లేని మాట అని గొప్పగా చెప్పుకుంటూ మూసింది. ఆ పెళ్లను అందుకుని కొంగున మూటకట్టింది.

"గండి పూడ్చుకుందాం, తూములు మూసుకుందాం" అన్నాడు పెద్దోబులు మెల్లగా. "గంగులు ఉన్నాడు గదా, వాడు చెప్తే చాలు. తరువాతి వంతు వెలగలపల్లెది, వాళ్ల నార్లు ఎండుతాండాయి."

నగారా విని వచ్చిన వెలగలపల్లె పెద్ద పక్కనే ఉన్నాడు. అతను కర్ర నేలకు కొట్టాడు. "మా నార్లు మేం చూసుకుంటాం ఓబులా. గండి పూడుస్తాం, మట్టి మోస్తాం. తూము మాత్రం మూయొద్దు. కొసమడి అవ్వ తన నోటితో చెప్పేదాకా మా వంతు ఆగుతాది. పో అమ్మీ, అవ్వను తీసుకురా."

చెంగల్వ అతని కాళ్లకు దండం పెట్టింది. ఆ గడ్డ మీద పుట్టినందుకు ఆమెకు ఆ క్షణాన కలిగిన గర్వం కట్ట వరదలో తేలినప్పుడు కూడా కలగలేదు.

నీటి అంచున ఏదో గిరగిర తిరుగుతోంది. కమండలం మూత. పుట్టి అంత వెడల్పున్న ఆ రాగి మూత, ప్రవాహానికి ఎదురుగా, ఎవరో తాడుకట్టి లాగుతున్నట్టు ఎగువకు జరుగుతోంది. తన యజమాని దగ్గరికి పోతోంది! చెంగల్వ ఒక్క దూకున అందులో పడింది. మూత ఊగిసలాడేలోపే రణకేసరి కూడా దూకాడు.

"నువ్వెందుకు సెట్టీ?"

"నా గుర్రాలు నీ నీళ్లు తాగాయి" అన్నాడు యువరాజు.

మూత బాణంలా దూసుకుపోయింది. సుడిగుండాలను దాటింది. జలపాతం ఎదురైతే చేపలాగా దాని మీదికి ఎక్కింది. ఒడ్డున నిద్రపోతున్న మొసళ్లు నోళ్లు తెరిచేలోపు వాటిని దాటేసింది. పడమటి కొండల నడుమ లోయ ఇరుకై, సూర్యుడు కనబడకుండా పోయి, చివరికి ఎముకల తోరణాలు కట్టిన ఒక గుహ ముందు మూత ఠంగున బండకు తగిలి ఆగింది. లోపలి చీకట్లో రెండు జతల పచ్చని కళ్లు మెరిశాయి. కొండంత కప్ప ఒకటి, దాని పక్కన మరొకటి. ఏదో లోపలినుంచి ఉరుముతోంది.

చెంగల్వ పిడిబాకు దూసింది. రణకేసరి మొక్కవోయిన ఖడ్గం పైకెత్తాడు. కప్పలు కాళ్లు ముడిచి దూకబోయాయి.

అప్పుడు వాటి వెనకనుంచి, గుహ అట్టడుగునుంచి, బెదురూ బెంగా ఏమాత్రం లేని ఒక ముసలి గొంతు కసురుకుంది.

"ఎవురది? చెంగల్వా? అమ్మీ, నా మడి ఇంకా తడవలా. తూము మూసినావా ఏమి?"